చదవని పేపరు ఖరీదు

ఫోను చేతిలో ఉంటే ఒక పని చేసి చూడండి. బ్రిటిష్ మెడికల్ జర్నల్ పాత సంచికల్లో 1955 డిసెంబరు 10 నాటిది వెతకండి. అందులో ఏ. హెచ్. సిద్దిఖీ రాసిన ఒక పేపరు ఉంటుంది. హైదరాబాద్-దక్కన్‌లోని నల్గొండ జిల్లాలో ఫ్లోరోసిస్ గురించి. బావి నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై మనుషుల వెన్నెముకలు కర్రల్లా బిగుసుకుపోవడం గురించి. పబ్‌మెడ్ సెంట్రల్‌లో ఆ పేపరు మొత్తం పైసా ఖర్చు లేకుండా దొరుకుతుంది.

ఇప్పుడు ఇంకోటి వెతకండి. 1973లో లాన్సెట్ పత్రికలో కె.ఏ.వి.ఆర్. కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి రాసిన పేపరు. ఇద్దరూ హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థలో పనిచేసినవాళ్లే. ఫ్లోరైడ్ ఉన్న మన పల్లెల్లో పిల్లల మోకాళ్లు లోపలికి ఒరిగి ఒకదానికొకటి రాసుకుంటున్నాయని, ఇది మునుపు చూసిన ఫ్లోరోసిస్ లాగా లేదని వాళ్లు రాశారు. దీన్ని తెరవబోతే మాత్రం డబ్బు కట్టమంటుంది.

కొలిచిన మోకాళ్లు మనవి. కొలిచినవాళ్ల జీతం మన పన్నులది. అయినా ఆ మూడు పేజీలు చదవాలంటే మనం కొనుక్కోవాలి. ఈ రెండు పేపర్ల మధ్య తేడాలోంచే నాకొక ప్రశ్న పుట్టింది. దాన్ని మీ ముందు పెడతాను.

సిద్దిఖీ రాసిన రోజుల్లో సూర్యాపేట నల్గొండ జిల్లాలో భాగం. 2016 అక్టోబరులో వేరే జిల్లా అయింది. 2019లో అక్కడ 150 సీట్లతో ప్రభుత్వ మెడికల్ కాలేజీ మొదలైంది. ఒకప్పుడు హైదరాబాద్ నుంచి డాక్టర్లు వచ్చి పరీక్షించి వెళ్లిన ఈ ప్రాంతంలో, ఇప్పుడు డాక్టర్లు ఇక్కడే తయారవుతున్నారు. రేపు పరిశోధన చేయాల్సిందీ వాళ్లే. పీజీ పట్టా రావాలంటే థీసిస్ రాయాలి. పాఠాలు చెప్పే డాక్టరుకి ప్రమోషన్ రావాలంటే పేపర్లు అచ్చవ్వాలి. కాబట్టి లైబ్రరీ గురించి మాట వచ్చినప్పుడల్లా ఒకటే ప్రశ్న వినపడుతుంది: జర్నళ్లు, డేటాబేసులు అందుబాటులో ఉంటే పరిశోధకుల ఉత్పాదకత ఎంత పెరుగుతుంది?

ప్రశ్న తప్పు కాదు, కానీ సగమే. మిర్యాలగూడ రైస్ మిల్లులో ఉత్పత్తి లెక్క సులువు. ఇన్ని బస్తాల వడ్లు పోస్తే ఇన్ని బస్తాల బియ్యం. పరిశోధనలో బియ్యం అంటే పేపరు అనుకుందాం. మరి వడ్లు? ఎవరో ఒక మనిషి చేయి చాపి ఇచ్చిన రక్తం. ఎక్స్‌రే కోసం నడుం నొప్పితో బల్ల మీద పడుకున్న పావుగంట. కూలి పోగొట్టుకుని ఓపీ లైన్లో నిలబడ్డ ఒక పూట. వీటిని ఎవరూ బస్తాల్లో లెక్కపెట్టరు. ఉత్పాదకత అనే మాటలో మిల్లు కనిపిస్తుంది గానీ వడ్లు పండించిన మనిషి కనిపించడు.

ఈ మాట గాల్లోంచి తీసింది కాదు. 2001లో అమెరికాలో జరిగిన ఒక సంఘటన చూడండి. జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీలో ఆస్తమా మీద ఒక ప్రయోగం. ఎలెన్ రోష్ అనే 24 ఏళ్ల అమ్మాయి వాలంటీరుగా చేరింది. ఆమెకు ఏ జబ్బూ లేదు. అక్కడే ఆస్తమా కేంద్రంలో పనిచేసేది. హెక్సామిథోనియం అనే మందును ఆమె చేత పీల్పించారు. ఊపిరితిత్తులు దెబ్బతిని జూన్ 2న చనిపోయింది. ఆ మందుకీ ఊపిరితిత్తులు పాడవడానికీ సంబంధం ఉండొచ్చని 1950లలోనే పేపర్లు వచ్చాయి. పరిశోధకుడు వెతకలేదా అంటే, వెతికాడు. పబ్‌మెడ్‌లో వెతికాడు. కానీ అప్పట్లో పబ్‌మెడ్ 1966 నుంచే మొదలయ్యేది. అంతకు ముందువి కావాలంటే లైబ్రరీకి వెళ్లి, అచ్చులో ఉన్న పాత సూచికలు తిరగెయ్యాలి, లేదా ఒక లైబ్రేరియన్‌ని అడగాలి.

గమనించారా, సిద్దిఖీ పేపరు 1955ది. ఆ 1966 గీతకి అవతల ఉన్నది. 2001లో నల్గొండ ఫ్లోరోసిస్ మీద ఎవరైనా అదే పద్ధతిలో వెతికి ఉంటే, అసలు మొదటి పేజీలే తగిలేవి కావు.

ఎలెన్ రోష్ కథని అందరూ పరిశోధనా భద్రత పాఠంగా చెప్తారు. నాకు మాత్రం అది చదువు గురించిన నీతి కథ. ఒక మనిషి సమ్మతి పత్రం మీద సంతకం పెట్టేటప్పుడు, ఆ కాగితంలో రాయని షరతు ఒకటి ఉంటుంది: "ఈ విషయం గురించి ఇప్పటిదాకా తెలిసిందంతా ఈ డాక్టరుకి తెలుసు. తెలియనిది ఏదో మిగిలింది కాబట్టే నన్ను అడుగుతున్నారు." ఈ నమ్మకం మీదే సంతకం పడుతుంది, వేలిముద్ర అయినా సరే. డాక్టరు చదవకపోతే, చదవడానికి దొరక్కపోతే, ఆ సమ్మతి పునాదే కదిలిపోయినట్టు. ఆ రకంగా చూస్తే లైబ్రరీ పరిశోధకుడి సౌకర్యాల్లో ఒకటి కాదు, రోగితో చేసుకున్న ఒప్పందంలో ఒక భాగం.

ఇదే నా వాదన. ఎప్పుడో ఎవరో భరించిన నొప్పిలోంచి వచ్చిన సంగతిని చదవకుండా, అదే నొప్పిని ఇంకొకరి చేత భరింపజేయడం తప్పు. తెలియక చేసినా తప్పు తప్పే. కాకపోతే ఆ తప్పు ఎవరిదన్న ప్రశ్న వస్తుంది.

అన్నిసార్లూ డాక్టరుది కాదు. 2014లో లైబీరియాని ఎబోలా ముంచెత్తింది. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో ఆ దేశ వైద్యాధికారి బెర్నీస్ డాన్, ఇంకో ఇద్దరితో కలిసి న్యూయార్క్ టైమ్స్‌లో ఒక వ్యాసం రాశారు. లైబీరియాలో ఎబోలా ఉన్నట్టే లెక్క వేసుకోవాలని 1982లోనే యూరప్ పరిశోధకులు ఒక పేపర్లో చెప్పారట. లైబీరియన్ల రక్తం పరీక్షించి తేల్చిన మాట అది. కానీ ఆ పేపరు రాసినవాళ్లలో లైబీరియన్లు లేరు. చదువుదామంటే ఖరీదు 45 డాలర్లు, అక్కడ ఒక డాక్టరుకి దాదాపు సగం వారం జీతం. రక్తం వెళ్లింది, హెచ్చరిక మాత్రం తిరిగి రాలేదు.

పేద దేశాల డాక్టర్లకు జర్నళ్లు ఉచితంగానో చౌకగానో ఇప్పించడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002లో హినారి అనే ఏర్పాటు మొదలుపెట్టింది. ఆ జాబితాలో మన దేశం లేదు. మార్కెట్ లెక్కలో మనం పెద్ద దేశం. సూర్యాపేటలో కూర్చున్న జూనియర్ డాక్టరుకి ఆ పెద్దరికం వల్ల ఒరిగేది ఏముంటుంది?

అందుకే 2024 నవంబరు 25న కేంద్ర కేబినెట్ ఒప్పుకున్న "ఒకే దేశం, ఒకే చందా" పథకం చిన్న విషయం కాదు. 2025 నుంచి మూడేళ్లకి 6,000 కోట్ల రూపాయలు. 30 మంది ప్రచురణకర్తలు, దాదాపు 13,000 జర్నళ్లు. కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల ఉన్నత విద్యాసంస్థలు, కేంద్ర పరిశోధనా సంస్థలు కలిపి 6,300 పైచిలుకు. ఢిల్లీ ఎయిమ్స్‌లో చదివేవాడికీ, జిల్లా కేంద్రంలోని సర్కారు కాలేజీలో చదివేవాడికీ ఒకే తలుపు తెరవాలన్నది దీని ఉద్దేశం. దీన్ని మెచ్చుకోవాల్సిందే.

తలుపు తెరిచాక బయట ఎవరు మిగిలారో కూడా చూడాలి. ప్రైవేటు కాలేజీల పిల్లలు మిగిలారు. కోదాడలో సొంత క్లినిక్ పెట్టుకున్న డాక్టరు మిగిలాడు. ఎవరి మోకాళ్ల గురించి రాశారో వాళ్లూ, ఇప్పుడు చదువుకుని పట్నాల్లో ఉన్న వాళ్ల మనవలూ మిగిలారు. ఇలా మిగిలినవాళ్లు ఏళ్ల తరబడి సై-హబ్ వైపు చూశారు. 2020 డిసెంబరులో పెద్ద ప్రచురణకర్తలు ఢిల్లీ హైకోర్టులో కేసు వేశారు. 2025 ఆగస్టులో ఆ సైటుని ఆపెయ్యమని ఆదేశం వచ్చింది. సై-హబ్ దొంగతనమా కాదా అన్నది చట్టం తేల్చుకుంటుంది. నీతి పరంగా మాత్రం నాకు ఒకటి అనిపిస్తుంది. ఇంట్లోంచి తీసుకెళ్లిన వస్తువుని ఇంటివాళ్లకే అమ్మకానికి పెట్టినప్పుడు, గోడ దూకినవాణ్ని ఒక్కణ్నే దొంగ అనడం అంత సులువు కాదు.

ఇక్కడిదాకా నాతో వచ్చినవాళ్లలో ఎవరికో ఒకరికి ఈపాటికి ఒక అభ్యంతరం తోచి ఉంటుంది. నాకూ తోచింది. అది గట్టి అభ్యంతరమే.

నల్గొండ విషయంలో పేపర్లు లేవా? ఉన్నాయి కదా! మన దేశంలో ఫ్లోరోసిస్ మీద మొదటి పేపరు 1937లోనే ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్‌లో వచ్చింది. షార్ట్ అనే డాక్టరూ ఆయన సహచరులూ అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల గురించి రాసింది. అంతకన్నా ముందే అక్కడి రైతులకు సంగతి తెలుసంటారు. దుక్కిటెద్దులు కీళ్లు పట్టేసి నడవలేకపోవడం వాళ్లు గమనించారు. తర్వాత 1955 వచ్చింది. 1973 వచ్చింది. సాగర్ నీళ్లతో భూగర్భ జలాలు పైకి రావడం, జొన్నల్లో మాలిబ్డినం పెరగడం, ఒంట్లో రాగి తగ్గడం, వీటికీ ఆ పిల్లల మోకాళ్లకీ సంబంధం ఉందేమోనని ఎన్ఐఎన్ శాస్త్రవేత్తలు వెతికారు. 1970లలోనే నాగపూర్‌లోని నీరి సంస్థ పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరుతో నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతి తయారు చేసింది. దాని పేరే నల్గొండ టెక్నిక్. మా జిల్లా పేరు ప్రపంచమంతటా పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కింది.

బావులు మాత్రం అలాగే ఉన్నాయి. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్గొండ నుంచి 480 మంది పోటీ చేశారు. చాలామంది గెలవడానికి నిలబడలేదు. మా నీళ్ల సంగతి చూడండని చెప్పడానికి నిలబడ్డారు. బ్యాలెట్ పేపరు చిన్న పుస్తకమంత అయింది. ఈ పోరాటాన్ని నడిపిన జలసాధన సమితి దుశ్చర్ల సత్యనారాయణ సూర్యాపేట జిల్లా రాఘవాపురం మనిషి. 2003లో ఆయన ఫ్లోరోసిస్ బాధితుడు అంశల స్వామిని ఢిల్లీ తీసుకెళ్లి, ప్రధాని వాజపేయి ముందు టేబుల్ మీద కూర్చోబెట్టారు. నది నీళ్లు ఇంటింటికీ తెస్తామన్న మిషన్ భగీరథ మొదలయ్యేసరికి 2016. స్వామి 2023 జనవరిలో కన్నుమూశారు.

1955 నుంచి 2016 దాకా 61 ఏళ్లు. లైబ్రరీ నిండుగానే ఉంది, బిందెలో మాత్రం విషం. మరి చదివితే ఏమైంది?

ఈ ప్రశ్నకి తప్పించుకునే జవాబు ఒకటుంది: పరిశోధన డాక్టర్ల పని, నీళ్లు ఇవ్వడం సర్కారు పని. కొంతవరకు నిజమే. నీళ్ల పైపులు వెయ్యడానికి లాన్సెట్ అక్కర్లేదు. డబ్బు, రాజకీయ సంకల్పం కావాలి. ఆ 61 ఏళ్ల పాపం లైబ్రరీ నెత్తిన వేస్తే అన్యాయం.

కానీ ఒక్కటి ఆలోచించండి. ఒక మనిషిని మోసుకెళ్లి ప్రధాని బల్ల మీద ఎందుకు పెట్టాల్సి వచ్చింది? ఆ బల్ల దాకా కాగితం వెళ్లలేదు కాబట్టి. వెళ్లినా అక్కడ ఎవరూ చదవలేదు కాబట్టి. కాగితం చెయ్యాల్సిన పనిని ఒంటితో చెయ్యాల్సి వచ్చింది. 480 మంది పేర్లతో నిండిన ఆ బ్యాలెట్ కూడా అంతే. సిద్దిఖీ ఇంగ్లీషులో, లండన్ పత్రికలో రాసిందాన్ని ఊళ్లవాళ్లు తమ భాషలో, తమ పేర్లతో మళ్లీ రాయాల్సి వచ్చింది. అచ్చయిన పేపరు ఏ ఊరి గురించి రాశారో ఆ ఊరికి తిరిగి రాకపోవడమే ఇక్కడి లోపం. చదవడం మొదటి బాకీ అయితే, తిరిగి తేవడం రెండో బాకీ. రెండోది తీరలేదు కదా అని మొదటిది ఎగ్గొట్టడం కుదరదు. మొదటిది తీర్చినవాడే రెండోదాని సంగతి ఎత్తగలడు.

ఎస్. ఆర్. రంగనాథన్ 1931లో గ్రంథాలయ శాస్త్రానికి అయిదు సూత్రాలు పెట్టారు. వాటిలో నాలుగోది చదువరి సమయం ఆదా చెయ్యడం గురించి. ఉత్పాదకత లెక్కలన్నీ అక్కడే ఆగిపోతాయి. డాక్టరుకి ఇన్ని గంటలు మిగిలాయి, ఇన్ని పేపర్లు పెరిగాయి అని. వైద్య గ్రంథాలయంలో మాత్రం చదువరి పక్కన ఎప్పుడూ ఇంకో మనిషి కూర్చుని ఉంటాడు. అతను చదవడు, కానీ చదివినదాని ఫలితం అతని ఒంటి మీదే తేలుతుంది. లైబ్రరీ ఆదా చెయ్యాల్సింది అతని సమయం కూడా.

ఇది వట్టి ఆదర్శం కాదు. 1992లో రోచెస్టర్‌లో డాక్టర్లని అడిగి చేసిన అధ్యయనం ఒకటుంది. ఒక కేసు విషయంలో హాస్పిటల్ లైబ్రరీని సమాచారం అడిగి, దాన్ని చూశాక ఏం చేశారో చెప్పమన్నారు. జవాబిచ్చిన ప్రతి పదిమందిలో ఎనిమిది మంది, ఆ సమాచారం లేకపోతే చేసేదానికంటే వేరుగా ఏదో ఒకటి చేశామన్నారు. అక్కడ ఎన్ని పేపర్లు రాశారన్నది లెక్క కాదు, ఎంతమంది రోగుల విషయంలో నిర్ణయం మారిందన్నది లెక్క.

అందుకే సూర్యాపేట లాంటి చోట లైబ్రరీ అంటే కంప్యూటర్లు, పాస్‌వర్డులతో పాటు ఇంకో చిన్న పని ఉండాలనిపిస్తుంది నాకు. ఈ జిల్లా మనుషుల ఒంటి మీద ఇప్పటిదాకా జరిగిన పరిశోధనలన్నీ ఒక్క అరలో ఉండాలి. పాత నల్గొండ జిల్లావి కూడా కలిపి. ఒక్కో పేపరుకి ఒక్కో పేజీ తెలుగులో: ఏ ఊళ్లలో చేశారు, ఏం తేలింది, ఏం తేలలేదు. అలాంటి అర ముందు పది నిమిషాలు గడపకుండా ఏ పీజీ విద్యార్థీ కొత్త థీసిస్ మొదలుపెట్టకూడదు. ఎప్పుడో లెక్కపెట్టిన పళ్లనే మళ్లీ లెక్కపెట్టి, అదే శాతాన్ని కొత్త పేరుతో అచ్చు వేస్తే ఉత్పత్తి పెరిగినట్టే కనిపిస్తుంది. తెలిసింది మాత్రం అంగుళం కూడా పెరగదు. అలాంటి అర ఉంటే బహుశా పేపర్ల సంఖ్య తగ్గుతుంది. తగ్గితే తగ్గనివ్వండి.

ఫ్లోరోసిస్ పోయిన కథ కదా, ఇంకా ఎందుకు అంటారా? బిగిసిన ఎముక మళ్లీ వదులు కాదు. చిన్నప్పుడు ఆ నీళ్లు తాగినవాళ్లు ఇంకా ఉన్నారు, ముసలివాళ్లయ్యారు. నడుం వంగక, మెడ తిరగక అలాంటి ఒక పెద్దాయన ఇవాళ ఓపీకి వస్తే, ఆయన ఇంటి కుళాయి నీళ్లు పరీక్షకి పంపితే ఏమీ దొరకదు. నీళ్లు మారిపోయాయి, ఎముకలు మారలేదు. సిద్దిఖీ పేపరు చదవని డాక్టరు దాన్ని ఇంకేదో కీళ్లవాతం అనుకునే అవకాశం ఉంది. ఒకదాని తర్వాత ఒకటి టెస్టులు రాస్తాడు, నగరానికి పంపిస్తాడు. ఆ కుటుంబానికి నాలుగు రోజుల కూలి, బస్సు చార్జీలు, ఇంకొన్ని రిపోర్టులు.

చదివినవాడు ముందు ఎక్స్‌రే దగ్గర కాసేపు ఆగుతాడు. తర్వాత తల ఎత్తి అడుగుతాడు: "పెద్దాయనా, మీది ఏ ఊరు? చిన్నప్పుడు ఏ బాయి నీళ్లు తాగిన్రు?"

ఈ ఒక్క ప్రశ్న ఏ ఉత్పాదకత లెక్కలోనూ పడదు. కానీ 70 ఏళ్ల కింద ఎవరో బల్ల మీద పడుకుని ఎక్స్‌రే తీయించుకున్నది, ఇవాళ ఈ పెద్దాయన్ని ఈ ప్రశ్న అడగడానికే.